ఎలెన్ మేడమ్ రికార్డరు ఆపిన తర్వాత

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరు కలిసినా ముందు అడిగేది ఒకటే: మీ రోజుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడేవారు మేడమ్ అని. ఏమీ లేదు తల్లీ. రెండు చెవులు, అరచేతిలో పట్టే ఒక రికార్డరు, గోడవార పేర్చి ఉంచిన ప్లాస్టిక్ కుర్చీలు. పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. వాళ్ళు పైకి చెప్పేదేమిటి, లోపల అనుకునేదేమిటి, ఒకరి ముందు ఒకరు చెప్పలేక మింగేస్తున్నదేమిటి, అది కనిపెట్టాలి. దీనికి సామాజిక మనస్తత్వశాస్త్రం అని పెద్ద పేరుంది. మా అత్తగారు మాత్రం చివరిదాకా "మా కోడలు జనం కబుర్లు వింటుంది, దానికి జీతం ఇస్తారు" అనే చెప్పుకునేది. ఇన్నేళ్ళు ఆలోచించినా అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ప్రమోషన్లు, సెమినార్లు, శాలువాల సంగతి ఇక్కడ రాయను. అవి ఎవరికీ ఏమీ నేర్పవు. నాకు ఈ పని నేర్పిన మనిషి గురించి, ఆవిడ చేసిన ఒక పొరపాటు గురించి, ఆ పొరపాటు వల్ల ఒక పనివాళ్ళ క్యాంపు జనం తమ శుక్రవారాన్ని పోగొట్టుకోబోయిన సంగతి గురించి రాస్తాను. మిగతాది మీ పుస్తకాల్లో ఉంది.

బేకరీ ముందు పరీక్ష

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన ఉద్యోగరీత్యా బహ్రెయిన్ వెళ్ళాం. మహూజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. విజయనగరంలో కాలేజీ పిల్లలకి సైకాలజీ చెప్పినదాన్ని, అక్కడ ఇడ్లీపిండి రుబ్బుకుంటూ, ఏసీ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆ చప్పుడు కూడా కొన్నాళ్ళకి నాతో ఏదో అంటున్నట్టే అనిపించేది. అలాంటి సమయంలో కింది ఫ్లాటావిడ చెప్పింది, జింజ్‌లో ఒక ఫ్రెంచి డాక్టరమ్మకి తెలుగు, హిందీ, ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలట అని. తెలుగు రాత కాగితాలేవో టైపు చేయించుకుంటుంది కాబోలు అనుకుని వెళ్ళాను.

ఆవిడ నా సర్టిఫికెట్ల ఫైలు తెరవనే లేదు. "పద" అని కిందికి తీసుకెళ్ళి, వీధి మలుపులో బేకరీ ముందున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎదురుగా టాక్సీ డ్రైవర్లు కొందరు టీ తాగుతూ ఏదో వాదించుకుంటున్నారు. వాళ్ళు మాట్లాడేది అరబ్బీ, నాకు ముక్క రాదు. కాసేపయ్యాక "ఆ గుంపులో ఎవరి మాట చెల్లుతుంది?" అని అడిగింది. నేను చివర కూర్చున్న సన్నటి మనిషిని చూపించాను. ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. కానీ ఎవరు జోకు వేసినా మిగతావాళ్ళు నవ్వేముందు ఒకసారి ఆయన ముఖం చూస్తున్నారు. ఉమ్మడి కుటుంబంలో కోడలిగా పదేళ్ళున్నదానికి అది కనిపెట్టడం ఒక లెక్కా! ఆవిడ తల పంకించి, శనివారం నుంచి రమ్మంది.

ఆవిడే ఎలెన్ మేడమ్. నాకు ఆవిడ అప్పుడు, ఇప్పుడు కూడా మేడమే.

మిల్లు కార్మికుడి కూతురు

ఫ్రాన్సు ఉత్తరాన నేతమిల్లులున్న ఒక ఊళ్ళో పుట్టిందావిడ. తండ్రి మిల్లులో పని చేసేవాడు. మిల్లు మీటింగుల్లో అందరూ సరే అన్నదానికి ఆయన ఒక్కడే చెయ్యెత్తి కాదనేవాడట. అరిచేవాడు కాదు, బల్ల గుద్దేవాడు కాదు, తర్వాతి మీటింగులో మళ్ళీ అదే మాట అదే గొంతుతో చెప్పేవాడు. తోటివాళ్ళు తిట్టేవారు, ఇంట్లో భార్య విసుక్కునేది. కొన్ని నెలలు పోయేసరికి ఆ తిట్టినవాళ్ళే ఆయన మాటని తమ సొంత మాటలాగా చెప్పడం మొదలుపెట్టేవారు. ఆయన చెప్పాడన్న సంగతే మరిచిపోయేవారు. ఇదేం విచిత్రమో తెలుసుకోవాలని చిన్నప్పుడే పట్టుకుందట ఈవిడకి. చదువంతా దాని మీదే చదివింది, డాక్టరేటూ దాని మీదే తీసుకుంది, ఉద్యోగమంతా దాని మీదే చేసింది. సఖీర్ వైపు యూనివర్సిటీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పడానికి వచ్చి, ఆ ఊరు నచ్చి అక్కడే ఉండిపోయింది. కంపెనీలకి ఇలాంటి సర్వేలు చేసి పెట్టేది.

మంచి గురువు. మంచి బాసు అని మాత్రం చెప్పను. మెచ్చుకోవడం ఆవిడకి తెలీదు. నేను రాసిన కాగితాలు తిరిగిచ్చేటప్పుడు ఎర్రసిరా తప్ప ఏమీ ఉండేది కాదు, బాగున్నచోట ఖాళీగా వదిలేసేది. కారు నడిపితే పక్కన కూర్చున్నవాళ్ళకి ఇష్టదైవాలందరూ గుర్తొచ్చేవారు. కానీ ఎవరితో మాట్లాడినా, క్యాంపు ఊడ్చే మనిషైనా, మంత్రిగారి బంధువైనా ఒకే గొంతు. మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడటం నేనెప్పుడూ చూడలేదు. అదొక్కటీ ఆవిడ దగ్గర నేర్చుకుంటే చాలు, మిగతాదంతా వచ్చేస్తుంది.

మా మొదటి గొడవ టీ గురించి. మాటలు మొదలుకాకముందు టీ ఇస్తే వచ్చినవాళ్ళు చుట్టాలైపోతారు, ఇక ఆతిథ్యం ఇచ్చినవాళ్ళని నొప్పించే మాట ఒక్కటీ రాదు, అందుకని టీ చివర్లో ఇవ్వాలని ఆవిడ సిద్ధాంతం. మన వాళ్ళు గొంతు తడపకుండా మాట్లాడితే అది పోలీసు స్టేషనులా ఉంటుందని నా వాదన. చివరికి ముందు మంచినీళ్ళు, తర్వాత టీ అని రాజీ కుదిరింది. పిల్లలూ, ఇప్పటికీ అదే పద్ధతి, మార్చకండి.

లాండ్రీ కంపెనీ అడిగిన ప్రశ్న

ప్రభుత్వ ఆఫీసులకి గురు, శుక్రవారాల సెలవు పోయి శుక్ర, శనివారాల సెలవు వచ్చిన రోజులవి. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే ఒక పెద్ద లాండ్రీ కంపెనీ వాళ్ళు మేడమ్ దగ్గరకి వచ్చారు. వారాంతం మారడంతో శుక్రవారమే పని ఎక్కువవుతోంది. సఖీర్‌లో కార్ల రేసు జరిగే వారమైతే హోటళ్ళన్నీ నిండిపోయి, మూటలు గుమ్మం దాటి బయటికొస్తున్నాయి. అందుకని అందరికీ శుక్రవారం సెలవు తీసేసి, ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇవ్వాలని ఆలోచన. దానికి పనివాళ్ళు ఏమంటారో కనుక్కొని చెప్పాలి. మేనేజరు బూ ఖాలిద్ గారని బహ్రెయినీ పెద్దమనిషి, యజమానికి మేనల్లుడు. వాళ్ళు వద్దంటే చెయ్యనని, కాని వద్దన్నారో లేదో తనకి నిజం తెలియాలని మొహమాటం లేకుండా చెప్పారు. తను అడిగితే ఎవరైనా 'సరే సాబ్' అంటారని ఆయనకి తెలుసు.

ఆ లాండ్రీలో సగం మంది మన వాళ్ళు. ఎక్కువమంది కోనసీమ నుంచి, కొందరు నిజామాబాద్ వైపు నుంచి. క్యాంపు సల్మాబాద్ వైపు. శుక్రవారం వచ్చిందంటే ఆ క్యాంపు భోజనాల హాల్లో తెలుగు సహవాసం జరిగేది. పాటలు, వాక్యం, ప్రార్థన, తర్వాత అందరూ కలిసి వండుకున్న కోడికూర. షిఫ్టులు వేరైనవాళ్ళు ఒకరినొకరు చూసుకునేది ఆ రోజే. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు కూడా సెలవు దొరికితే టాక్సీలు పంచుకుని వచ్చేవారు. వేర్వేరు రోజుల్లో సెలవులంటే ఆ హాలు ఖాళీ అయినట్టే. అది నాకు చెప్పకుండానే తెలుసు, మేడమ్‌కీ తెలుసు. కాని మేం అనుకుంటే సరిపోదు, వాళ్ళు చెప్పాలి.

యాకోబు గారని ఫోర్‌మన్ ఉండేవాడు. అమలాపురం దగ్గర మనిషి, పెద్దవాడు. సహవాసానికీ ఆయనే పెద్ద. అందరికీ అన్నయ్యగారు. మొదటి గుంపుని ఆ హాల్లోనే కూర్చోబెట్టాం, కానీ ఆయన్ని ముందు అడగలేదు. అంత తెలివితక్కువవాళ్ళం కాము. అందరికంటే కొత్తగా వచ్చిన అమ్మాయిని ముందు అడిగాం. ఆ పిల్ల నోరు తెరవకుండా యాకోబు గారి వైపు చూసింది. ఆయన నేలవైపు చూశాడు. "ఏ రోజైనా పర్లేదండి. దేవుడి దయండి" అంది. తర్వాతివాళ్ళందరూ "ఆయ్, అంతేనండి" అన్నారు. యాకోబు గారు లేకుండా రెండో గుంపుని పెట్టాం. అక్కడా అదే మాట. మూడో గుంపులో ఇస్త్రీ సెక్షను మరియమ్మ అని రాజోలు మనిషి, నోరున్న మనిషి, ఆవిడ కూడా "ఏ రోజైతే ఏముందండి" అనేసింది.

కష్టాలేమైనా ఉన్నాయా అంటే మాత్రం బోలెడు చెప్పారు. ఒకతనికి చెయ్యి కాలింది, మానిపోయింది. ఒకావిడ ఏజెంటు చేతిలో మోసపోయింది, ఈ కంపెనీ దొరికింది. ఒకతని కూతురికి జబ్బు చేసింది, తగ్గింది. ప్రతి కథా కన్నీళ్ళతో మొదలై స్తోత్రంతో ముగిసేది. నేను ఇంగ్లీషులో చెప్తుంటే మేడమ్ మురిసిపోయేది. అంత చక్కగా, మొదలూ చివరా ఉండేలా మాట్లాడేవాళ్ళని తను ఏ దేశంలోనూ చూడలేదని నాతో అంది.

ప్రతిసారీ చివర్లో ఒకరు లేచి ముగింపు ప్రార్థన చేసేవారు. మేడమ్‌కి దేవుడి మీద నమ్మకం లేదు. అంతకుమించి, ఎదుటివాళ్ళ పూజలో తలదూర్చడం అమర్యాద అని ఆవిడ పెంపకం. కళ్ళు మూసుకుంటున్నారని కనిపించగానే రికార్డరు ఆపి, మెల్లగా లేచి బయట నడవాలోకి వెళ్ళిపోయేది. నేను తలొంచుకుని కుర్చీలోనే ఉండేదాన్ని.

నిరుటి కష్టాలు

మూడో గుంపు అయ్యాక ఆవిడ కారులో ఇంటికి వస్తున్నాం. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆవిడ స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ అంది: "సుభద్రా, గమనించావా? వీళ్ళ కష్టాలన్నీ అయిపోయినవే. ఒక్కటీ ఈ నెలది లేదు. ఇంతమందికి ఈ నెల కష్టమే లేదా?"

నాకు నవ్వొచ్చింది. అది నాకు వింతగా తోచనే లేదు మరి. వాళ్ళు చెప్తున్నది సాక్ష్యం అన్నాను. మన క్రైస్తవ సహవాసాల్లో నలుగురిలో లేచి నిలబడి చెప్పుకునే పద్ధతి అది. ఫలానా శ్రమలో ఉన్నాను, ప్రార్థించాను, దేవుడు విడిపించాడు అని. విడుదల రాకముందు సాక్ష్యం చెప్పరు. తీరని కష్టంతో లేచి నిలబడితే అది దేవుడి మీద చాడీలా ఉంటుంది. ఆ హాల్లో ఆ కుర్చీల్లో అలా గుండ్రంగా కూర్చోబెట్టి, మీ అనుభవం చెప్పండి అంటే వాళ్ళకి వచ్చేది సాక్ష్యమే.

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. ఆవిడ కారు కదపలేదు.

"మరి తీరనివి ఎక్కడ చెప్తారు?"

"ప్రార్థన మనవుల్లో చెప్తారు. ప్రార్థనలో."

"ఎప్పుడు?"

"చివర్లో. మీరు రికార్డరు ఆపి బయటికి వెళ్ళాక."

ఆవిడ కారు పక్కకి తీసి ఆపేసింది. అంత పద్ధతిగా ఆపడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రోజు ఎవరు ప్రార్థన చేశారు, ఏమన్నారు అని అడిగింది. మరియమ్మ చేసింది. నాకు మాట మాట గుర్తుంది. తండ్రీ, నా చెల్లెలు రిఫాలో ఇళ్ళల్లో పనిచేసుకుంటోంది, దాని ముఖం చూసుకునేది శుక్రవారమే, ఆ రోజు మా చేతుల్లోంచి జారిపోనియ్యకు నాయనా అంది. అందరూ ఆమేన్ అన్నారు. అంతకుముందు గుంపులో ఏమన్నారని మేడమ్ అడిగింది. ఇంచుమించు అదే. దానికీ అందరూ ఆమేన్ అన్నారు, ఇంకా గట్టిగా.

మేడమ్ తాళం తిప్పి ఇంజను ఆపేసింది. ముప్ఫై ఏళ్ళుగా మనుషుల నోట్లోంచి ఒక 'కాదు' బయటికి రప్పించడానికి రకరకాల పద్ధతులు కనిపెట్టానని, ఇక్కడ వాళ్ళంతట వాళ్ళే ముక్తకంఠంతో కాదంటుంటే తను నడవాలో నిలబడి గోడకున్న అగ్నిమాపక సూచనలు చదువుకుంటున్నానని అంది. మతం అనేది మనిషి అసలు అభిప్రాయానికి అడ్డంగా నిలబడేది అని తను అనుకుందట. తన మీద తనకే కోపం వచ్చింది. ఆవిడకి అలా కోపం రావడం చూసి, నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం సంతోషమే కలిగింది. ఎర్రసిరా తనకీ పడాలి కదా.

రాయకూడనిది

ఇంకేం, రాసేద్దాం అన్నాను నేను. పనివాళ్ళందరూ శుక్రవారమే కావాలంటున్నారని రిపోర్టులో ఒక్క వాక్యం. పని ఖలాస్.

మేడమ్ వద్దంది. వాళ్ళు ఆ మాట తనతో చెప్పలేదు, దేవుడితో చెప్పారు. మాతో చెప్పినది వేరే. మనం రికార్డరు ఆపాక విన్నదాన్ని అమ్ముకుంటే, రేపటి నుంచి ఏ క్యాంపులోనూ ఎవరూ నిశ్చింతగా కళ్ళు మూసుకోలేరు అంది. నాకు ఒళ్ళు మండింది. రికార్డరులో ఉన్నదే రాస్తే అభ్యంతరం లేదని రాయాలి, అలా రాస్తే మరియమ్మ చెల్లెల్ని చూసుకునే రోజు పోతుంది, మీ నీతి కోసం వాళ్ళ శుక్రవారం పోవాలా అని గట్టిగానే అడిగాను. జీవితంలో బాసుతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఆవిడ అడ్డుపడకుండా అంతా విని, పోకూడదు, అలాగని దొంగిలించనూ కూడదు, వెళ్ళి వాళ్ళనే అడుగుదాం అంది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరు ఈ ఉద్యోగంలో వినకూడనివి చాలా వింటారు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, లిఫ్టు కోసం ఎదురుచూస్తూ, టీ గ్లాసు అందిస్తూ మనుషులు అసలు మాట చెప్పేస్తారు. విన్నదంతా మీది కాదు. వాడాలనుకుంటే వెనక్కి వెళ్ళి అడగండి. సిగ్గుపడకండి.

మేం వెళ్ళి అడిగాం. యాకోబు గారు హాల్లో కుర్చీలు సర్దుతున్నాడు, మరియమ్మ పక్కన పాటల పుస్తకాలు పేరుస్తోంది. మేడమ్ తనకి ఏం తెలిసిందో, ఎలా తెలిసిందో దాచకుండా చెప్పింది. నేను తెలుగులో చెప్తుంటే యాకోబు గారి ముఖం నల్లబడిపోయింది.

"అమ్మగారూ, ప్రార్థన కాయితం మీద పెడితే అది ఫిర్యాదు అయిపోద్దండి. ఈ హాలు కంపెనీ వాళ్ళదండి. ఫిర్యాదు చేసేవాళ్ళకి హాలెవరిస్తారండి? శుక్రవారం పోతే ఒక్క శుక్రవారమే పోద్ది. హాలు పోతే సహవాసమే పోద్దండి" అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. ఆ మనిషి పిరికివాడు కాదు, మొత్తం పోకుండా సగం కాపాడుకుంటున్నాడు. గుంపులో నేలవైపు చూసింది అందుకే. మేడమ్ కూడా ఇంకేం అడగలేదు. మీరు వద్దంటే రాయనని లేచింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను కూడా.

మరియమ్మ పుస్తకాలు పెట్టేసింది. "అన్నయ్యగారండి, మనం దేవుడికి చెప్పుకునేది బూ ఖాలిద్ గారు వింటే తప్పేంటండి? మనమేమన్నా ఆయన్ని తిట్టుకుంటున్నామా?"

యాకోబు గారు వద్దమ్మా అన్నాడు. మరియమ్మ గొంతు పెంచలేదు. మళ్ళీ అదే మాట అంది. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. మళ్ళీ అదే మాట, అదే గొంతుతో, ఇంకొకసారి. మేడమ్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా గుమ్మంలో ఆగిపోయి మరియమ్మనే చూస్తూ నిలబడింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి నేను కంగారుపడ్డాను. తర్వాత చెప్పింది, వాళ్ళ నాన్న గుర్తొచ్చాడని.

చివరికి యాకోబు గారు కుర్చీలో కూలబడి, "ఫిర్యాదు చెయ్యనండి. ఆయన ముందర ప్రార్థన చెయ్యమంటే మాత్రం చేస్తానండి" అన్నాడు.

బూ ఖాలిద్ గారి ఆఫీసు

మామూలుగా రిపోర్టు చెప్పేటప్పుడు పనివాళ్ళు ఉండరు. మేడమ్ ఈసారి ఉండాలని పట్టుబట్టింది. యాకోబు గారు, మరియమ్మ, ఇంకొందరు ఉతికిన యూనిఫారాల్లో వచ్చి గోడవార నిలబడ్డారు. మరియమ్మ నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

మేడమ్ తను విన్నవి, విన్నట్టే చెప్పింది. అడిగితే అందరూ పర్లేదన్నారని చెప్పింది. అంతటితో ఆగి, ఈ జవాబు మీద నాకు నమ్మకం లేదు, నేను అడిగిన పద్ధతి తప్పు, వీళ్ళ మీటింగు వీళ్ళ పద్ధతిలో ముగించనిస్తే బాగుంటుంది అంది. కన్సల్టెంటు తన తప్పు తనే చెప్పుకోవడం బూ ఖాలిద్ గారు ఎన్నడూ చూసి ఉండరు. యాకోబు గారి వైపు చూసి, యల్లా, యాకోబు భాయ్, కానివ్వండి అన్నారు.

యాకోబు గారు కళ్ళు మూసుకున్నాడు. బూ ఖాలిద్ గారు ఫోను బల్లమీద బోర్లా పెట్టి లేచి నిలబడ్డారు. ఎవరి ప్రార్థన అయినా ప్రార్థనే, ఆయనకి అది ఎవరూ చెప్పనక్కర్లేదు. యాకోబు గారు ముందు ఆసుపత్రిలో ఉన్న బూ ఖాలిద్ గారి తల్లి కోసం ప్రార్థించాడు, పేరు పెట్టి మరీ. తర్వాత కంపెనీ కోసం. తర్వాత ఇళ్ళ దగ్గరున్న పిల్లల కోసం. ఆఖరికి అసలు మాటకొచ్చాడు. తండ్రీ, వారంలో మిగతా రోజులన్నీ ఈ కంపెనీకి ఇచ్చుకుంటాం, ఆ ఒక్క శుక్రవారం నీ దగ్గర, మావాళ్ళ దగ్గర కూర్చునే భాగ్యం తియ్యనియ్యకు నాయనా అన్నాడు. గోడవారనుంచి ఆమేన్ వచ్చింది. ఈసారి మేడమ్ నడవాలోకి వెళ్ళలేదు.

ఏమడిగాడని బూ ఖాలిద్ గారు నన్ను అడిగారు. నేను యాకోబు గారి వైపు చూశాను. ఆయన తలూపాక ఒక్క మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. తల్లి సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్ళు దించుకున్నారు. శుక్రవారం సంగతి రాగానే తలెత్తారు. తర్వాత యాకోబు గారినే నేరుగా, క్యాంపు హిందీలో అడిగారు, ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు యాకోబు భాయ్ అని.

"బోలా సాబ్," అన్నాడు యాకోబు గారు. "అభీ బోలా."

ఇప్పుడే చెప్పాను కదా సాబ్ అని. బూ ఖాలిద్ గారు ఒక్క క్షణం చూసి పెద్దగా నవ్వేశారు. మేమందరం నవ్వాం. మరియమ్మ ఏడ్చింది, అది వేరే సంగతి. తనకి కూడా శుక్రవారం నమాజు ఉంటుందని, తనది తను వదులుకోనప్పుడు వీళ్ళది వదులుకోమనడం ఏం న్యాయమని ఆయనే అన్నారు. శుక్రవారం కాక వేరే రోజు సెలవు కావాలనేవాళ్ళు కూడా లాండ్రీలో ఉన్నారని మా సర్వేలోనే తేలింది, వాళ్ళకి ఆ రోజులు సర్దారు. రేసు వారంలో మాత్రం శుక్రవారం కూడా పనికి వస్తాం సాబ్ అని మా వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నారు. సహవాసం అయ్యాక సాయంత్రం మొదలుపెట్టి పాటలు పాడుకుంటూ దుప్పట్లు మడతపెట్టేవారట.

ఆ రోజు మేడమ్ నా కాగితాలు తిరిగిచ్చింది. ఎర్రసిరా లేదు. ఒక చోట మాత్రం పెన్సిలుతో 'బాగుంది' అని ఉంది, నేను దాన్ని మా ఆయనకి, కింది ఫ్లాటావిడకి, ఫోనులో మా అత్తగారికి కూడా చదివి వినిపించాను.

ఆఖరి శుక్రవారం

తర్వాత కొన్నేళ్ళు కలిసి పనిచేశాం. ఇంకా చాలా క్యాంపులు, ఆసుపత్రులు, బళ్ళు. మేడమ్ పని చాలించి ఫ్రాన్సు వెళ్ళిపోయే ముందు శుక్రవారం, సల్మాబాద్ హాలుకి తీసుకెళ్ళమంది. నోటుపుస్తకం తేలేదు. మరియమ్మ చెల్లెలు కూడా వచ్చింది, అక్కలాగే నోరున్న పిల్ల. మేడమ్‌ని ముందు వరసలో కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళిచ్చారు, టీ తర్వాత.

ప్రార్థన మనవుల సమయంలో మరియమ్మ ఆవిడ వైపు తిరిగి, "డాక్టరమ్మగారండి, మీకేమైనా మనవి ఉందాండి?" అని అడిగింది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వి వద్దంటుందనుకున్నాను. జీవితమంతా ఎదుటివాళ్ళ మాట విన్న మనిషి. ఆవిడని గుంపు మధ్యలో కూర్చోబెట్టి నీకేం కావాలని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలీదు. చాలాసేపు చేతులు చూసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆవిడ నేర్పినట్టే నేనూ నోరు మూసుకుని ఎదురుచూశాను.

"వాళ్ళకి చెప్పు," అంది చివరికి, "నేను వెళ్ళే ఊళ్ళో శుక్రవారం నాడు నన్ను రమ్మనేవాళ్ళు ఎవరూ లేరు."

నేను తెలుగులో చెప్పాను. యాకోబు గారు ప్రార్థించాడు, చాలాసేపు. ఏమన్నాడని మేడమ్ అడగలేదు. నేనూ చెప్పలేదు. అయ్యాక మరియమ్మ వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఇక్కడ పదింటికి మొదలండి. అక్కడ ఎన్నింటికవుద్దో చూసుకోండి. వారం వారం మీ పేరు చెప్తామండి" అంది.

మేం కూడా ఆ తర్వాత బహ్రెయిన్ వదిలి వచ్చేశాం. నేను హైదరాబాదులో ఇదే పనిలో ఉండి, ఈ మధ్యనే చాలించాను. సంతృప్తిగానే చాలించాను. మేడమ్‌కి అప్పుడప్పుడు ఫోను చేస్తాను. ఆవిడకి వినికిడి తగ్గింది, కోపం తగ్గలేదు. ఒకసారి ఫోనులో అడిగాను, మీకిప్పుడైనా నమ్మకం కలిగిందా అని. లేదు, ఎందుకు కలగాలి అని కసురుకుంది. యాకోబు గారు రిటైరై అమలాపురం వెళ్ళిపోయినా, మరియమ్మ ఇంకా ఆ హాలుకి వస్తూనే ఉందని, శుక్రవారం శుక్రవారం ప్రార్థనలో మేడమ్ పేరు చెప్తూనే ఉన్నారని నేను చెప్పాను.

"నాకు తెలుసు," అంది. "మాకది పొద్దున్నే అవుతుంది. కాఫీ పెట్టుకుని కూర్చుంటాను. నేను ప్రార్థన చెయ్యను సుభద్రా. వాళ్ళది అయ్యేదాకా కుర్చీలోంచి మాత్రం లేవను."